వాగులో దిగిన ట్రాక్టర్: ఇంజన్ చూశాం, గేర్‌బాక్సు మరిచాం



ఈ పోస్టు కొంచెం పెద్దది. తొలకరి మొదలవకముందే రాయాలని కూర్చున్నా. ట్రాక్టర్ ఉన్నోళ్లు చివరిదాకా చదవండి, లేనోళ్లు ఉన్నోళ్లకి చూపించండి. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, నీళ్లలో దిగిన బండికి క్లచ్, గేర్‌బాక్సు ఎట్లా చూసుకోవాలన్నది. రెండోది, నేనొక మనిషిని నలుగురిలో అన్న మాట. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే వెనక్కి తీసుకుంటున్నా.

మాది ఖమ్మం వైపు. మున్నేరులో కలిసే ఒక వాగు పక్కన ఊరు. 2024 సెప్టెంబర్ 1 మీ అందరికీ గుర్తుండే ఉంటది. ముందురోజు నుంచి ఆగకుండా కురిసిన వానకి ఇటు మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది, అటు బుడమేరు విజయవాడని ముంచింది. మా వాగు కూడా చేలమీద పడింది. మూడోరోజుకి వరద తగ్గింది గానీ వాగు అవతలి తండాకి దారి లేదు. తాగే నీళ్లు లేవు, బియ్యం తడిసినయని ఫోన్లు. ఊళ్లో నలుగురం కలిసి బియ్యం బస్తాలు, నీళ్ల క్యాన్లు ట్రక్కులో వేసుకొని మా ట్రాక్టర్ మీద బయలుదేరినం.

ఇక్కడే ఒక మాట. పారే వాగులో బండి దింపడం గొప్పపని అనుకొని రాయట్లేదు. ట్రాక్టర్ బరువుందిగా ఏం కాదులే అనుకొని కొట్టుకుపోయినవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. మేం చేసింది కూడా తప్పే, బతికి బయటపడ్డాం అంతే. మీరు దింపొద్దు.

చప్టా మధ్యకి పోయాక ఒక పక్క కోసుకుపోయి ఉంది, నీళ్ల కింద కనపడలే. వెనక చక్రం అందులో దిగింది. బండి ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. నీళ్లు ఫుట్‌బోర్డు దాకా. మా డ్రైవర్ వెంటనే ఇంజన్ ఆపేశాడు. మనుషులం తాడు పట్టుకొని ఒడ్డుకొచ్చినం. జేసీబీ వచ్చి లాగేసరికి గంటన్నర పైనే పట్టింది. అంతసేపూ బండి నీళ్లలోనే ఉంది.

ఆ పొద్దు సాయంత్రం ఇంటిముందు బండి కడిగినం. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూసినం, నీళ్లు రాలే. ఇంజన్ ఆయిల్ చూసినం, మంచిగుంది. స్టార్ట్ చేస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఇంకేముంది, బతికినం అనుకున్నా.

అప్పుడే మా డ్రైవర్ అన్నాడు: "అన్నా, గేర్‌బాక్సు ఆయిల్ ఒకసారి ఇప్పి చూద్దామా? నీళ్లు ఫుట్‌బోర్డు దాకా వచ్చినయి కదా."

నేనన్న మాట నాకింకా గుర్తుంది. "మొన్న జూన్‌లోనే కదరా కొత్తాయిల్ పోసింది. 13,000 పోసి మూడు నెలలు కాలే. ఇంజన్ మంచిగుంది, చాలు."

అతను ఇంకేం మాట్లాడలే. ఆరేళ్లుగా మా బండి నడుపుతున్నాడు. నన్ను అన్నా అంటాడు, మా ఇంట్లో ఆమెని వదినా అంటాడు. నేను చాలన్నాక ఎదురు చెప్పే మనిషి కాదు.

చేలు ఆరేదాకా బండి ఆరు రోజులు కదలకుండా ఉంది. తర్వాత పొలంలో ఇసుక మేట తీద్దామని స్టార్ట్ చేస్తే గేర్ పడదు. క్లచ్ తొక్కి రాడ్డు వేస్తే కరకరమని చప్పుడు. ఎట్లనో బలవంతంగా వేసి నడిపినం. మధ్యాహ్నానికి ఊళ్లో అందరి బండ్లు ఇసుక తోలుతుంటే మా బండి గట్టు మీద నిలబడి ఉంది. నాకు కోపం నషాళానికెక్కింది. టీ కొట్టు దగ్గర పదిమంది ఉండగా అన్నా: "క్లచ్ మీద కాలు తీయకుండా నడిపితే ఇట్లనే ఉంటది. ఆరేళ్లయినా బండి నడపడం రాలే నీకు." ఆ నెల జీతంలో 4,000 కూడా ఆపిన, రిపేరుకి అని.

అతను టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు తాళం వాళ్ల పిల్లగాడితో పంపించాడు.

ఇంకో డ్రైవర్‌ని పెట్టుకున్నా. పెడల్ దగ్గర క్లచ్ ప్లే సరిచేయిస్తే కొంచెం నయమైంది. ఇంకో పదిహేను రోజులు ఇసుక తోలినం. ఆ తర్వాత న్యూట్రల్‌లో ఉన్నప్పుడు కూడా గేర్‌బాక్సులోంచి 'గుర్ర్' అని చప్పుడు మొదలైంది. లిఫ్ట్ కూడా జర్కులు కొడుతూ లేస్తోంది. అప్పుడు షెడ్డుకి తీసుకుపోయిన.

మేస్త్రి పెద్దాయన. బండి చుట్టూ తిరిగి ఒకటే ప్రశ్న అడిగాడు: "ఆయిల్ గేజు ఎప్పుడు తీసి చూసినవయ్యా?" నేను నోరు తెరవలే. ఆయనే తీసి చూపించాడు. ఆయిల్ రంగు చిక్కటి పాలు పోసిన టీ లాగా ఉంది. పైగా గీత కంటే వేలెడు ఎక్కువుంది. "నువ్వు పోసినదానికంటే ఎక్కువుంది చూడు. గేర్‌బాక్సు ఏమన్నా ఆయిల్ ఈనుద్దా?" అన్నాడు.

బండిని మధ్యకి విడదీస్తే అసలు సంగతి బయటపడింది. క్లచ్ ప్లేటు, ఫ్లైవీల్ మధ్య తుప్పు. గేర్‌బాక్సులోకి పోయే మెయిన్ షాఫ్ట్ బేరింగ్ గుండ్ల మీద చిన్నచిన్న గుంతలు. దాని వెనక ఇంకో బేరింగ్ కూడా అంతే. అడుగున బురద లాంటి ముద్ద. ప్లేటు, రెండు బేరింగులు, సీళ్లు, గేర్ రాడ్డు రబ్బరు, ఆయిల్ రెండుసార్లు, కూలీ, మొత్తం 41,000 దాటింది. మొదటిరోజు విప్పి ఆయిల్ మార్చి ఉంటే ఆ ఆయిల్ ఖర్చుతో పోయేది.

ఆయన దగ్గర కూర్చొని అడిగి తెలుసుకున్నవి, తర్వాత నేను చేసి చూసినవి కింద రాస్తున్నా. ఒక్కో దానికి కారణం కూడా రాస్తున్నా. కారణం తెలిస్తే గుర్తుంటది.

నీళ్లు లోపలికి ఎట్లా పోతయి?

గేర్‌బాక్సు గట్టిగా మూసిన ఇనుప పెట్టె కదా, నీళ్లెట్లా పోతయి అని నేనూ అడిగిన. వేడి అన్నం టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగిస్తే చల్లారినాక మూత ఊడిరాదు, చూసే ఉంటరు. లోపల గాలి చల్లబడి కుంచించుకుపోయి మూతని లాగి పట్టుకుంటది. గేర్‌బాక్సు కూడా అంతే. పొద్దుటి నుంచి నడిచి వేడెక్కిన బండి ఒక్కసారిగా చల్లటి వాగునీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బయట ఏముంటే దాన్ని పీలుస్తది. బయట ఉన్నది నీళ్లు. బ్రీదర్ అనే చిన్న గాలిమూత నుంచి, చినిగిన గేర్ రాడ్డు రబ్బరు నుంచి, సరిగా బిగించని ఆయిల్ గేజు నుంచి, అరిగిన యాక్సిల్ సీలు, పీటీఓ సీలు నుంచి లోపలికి పోతయి. మా బండికి గేర్ రాడ్డు రబ్బరు ఏడాదిగా చినిగే ఉంది. దాని ఖరీదు రెండు టీలు, రెండు సమోసాలు.

మొట్టమొదట చేయాల్సింది

బండి నీళ్లలోంచి బయటకొచ్చాక ఆత్రపడి స్టార్ట్ చేయొద్దు. ఎయిర్ ఫిల్టర్ మునిగినట్టు అనుమానం ఉంటే అసలే వద్దు. ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్డు వంగుద్ది. ఇన్సూరెన్స్ ఉంటే బండి ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీసి ముందు వాళ్లకి ఫోన్ చేయండి.

ఇంజన్ క్షేమమని తేలినా గేర్‌బాక్సు చూడకుండా నడపొద్దు. రాత్రంతా చదును నేల మీద నిలబెట్టండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు, కాబట్టి కదిలించకుండా ఉంచితే అడుగుకి దిగుతయి. పొద్దున్నే గేర్‌బాక్సు కింద డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేసి సీసా పట్టండి. ముందు నీళ్లు వస్తే సంగతి తేలిపోయినట్టే. మొత్తం ఆయిల్ తీసేయాలి.

ముందే నడిపేసి ఉంటే నీళ్లు, ఆయిల్ కలిసిపోయి పాలలాగా అవుద్ది, అది అంత తొందరగా విడిపోదు. అప్పుడు రంగు చూడాలి. టీ రంగు, మజ్జిగ రంగు, నురగ ఉంటే నీళ్లు కలిసినయని అర్థం. గేజు మీద ఆయిల్ పెరిగి ఉన్నా అదే అర్థం. రంగులో అనుమానం ఉంటే మేస్త్రి చేసే పరీక్ష ఒకటుంది. పాత గరిటెలో రెండు చుక్కలు వేసి కింద వేడి పెట్టాలి. నీళ్లుంటే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు అంటది. మొహం దూరంగా పెట్టి చేయండి, చిందుతది. చెంచాడు కంటే ఎక్కువ వేయొద్దు.

గేర్ ఎందుకు పడట్లేదో కనుక్కోవడం

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. గేర్ పడట్లేదు అనగానే మనిషి మీద పడ్డా. రెండు నిమిషాల పరీక్ష ఉంది, అది చేసి ఉంటే అప్పుడే తేలేది.

ఇంజన్ ఆపి గేర్లు వేసి చూడండి. ఆపినప్పుడు మెత్తగా పడి, ఇంజన్ నడిచేటప్పుడు మాత్రం కరకరమంటే గేర్‌బాక్సుకి కాదు, క్లచ్‌కి దోషం. పెడల్ తొక్కినా ప్లేటు ఫ్లైవీల్‌ని వదలట్లేదు. నీళ్లలో దిగి నిలబెట్టిన బండికి తుప్పుతో ప్లేటు అతుక్కుపోవడం మామూలే. మా బండికి మొదటిరోజు జరిగింది ఇదే.

ఇంజన్ ఆపినా గేర్ రాడ్డు గట్టిగా ఉంటే దోషం రాడ్డు దగ్గరో, లోపల ఫోర్కులు జరిగే కడ్డీల దగ్గరో ఉంది. తుప్పో, మట్టో చేరి ఉంటది.

గేర్ పడుతుంది, ఇంజన్ రెయిజ్ అవుతుంది, బండి మాత్రం బరువు లాగట్లేదంటే ప్లేటు జారుతోంది. తడో, బురదో, ఆయిలో పట్టి ఉంటది.

ఇక చప్పుడు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు చప్పుడు వచ్చి, పెడల్ పూర్తిగా తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్సు లోపలి బేరింగ్ మీద అనుమానం. క్లచ్ తొక్కినప్పుడే చప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్. ఒక్క గేర్‌లోనే వస్తే ఆ గేరు పళ్లు. మాది సింగిల్ క్లచ్ బండి. డబుల్ క్లచ్ బండ్లకి పెడల్ సగం తొక్కితే ఒకటి, పూర్తిగా తొక్కితే ఇంకోటి తెగుతయి, కాబట్టి వాళ్లు అడుగు దాకా తొక్కి వినాలి.

అతుక్కున్న ప్లేటుకి మేస్త్రి ముందు ప్రయత్నించేది ఏందంటే, ఇంజన్ కాసేపు నడిపి వేడి చేసి, ఆపి, పెడల్ పూర్తిగా తొక్కి కర్ర మోపు పెట్టి రాత్రంతా ఉంచడం. తుప్పు కొద్దిగా ఉంటే పొద్దుటికి వదులుద్ది. వదలకపోతే విప్పాల్సిందే. గేర్‌లో పెట్టి స్టార్ట్ చేసి కుదిపితే వదులుద్దని కొందరు చేస్తరు. బండి ఒక్కసారిగా ఉరుకుతది, ముందున్న మనిషి మీదకి పోతది. మీ అంతట మీరు చేయొద్దు.

దమ్ము బోల్టు సంగతి

ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలిసీ తెలియదు. క్లచ్ ఉండే గది అడుగున చిన్న రంధ్రం ఉంటది. లోపలికి చేరిన నీళ్లో, ఆయిలో కిందికి కారిపోవడానికి. దమ్ము చేసేటప్పుడు బురదనీళ్లు అందులోంచి పైకి రాకుండా దానికి ప్లగ్గు బిగించాలి. దమ్ము అయిపోగానే తీసేయాలి. మీ బండి పుస్తకంలో ఉంటది చూడండి.

నేను జులైలో దమ్ముకి ప్లగ్గు బిగించిన. నాట్లు అయినాక తీయలే. వాగులో నీళ్లు ఫుట్‌బోర్డు దాకా వచ్చినప్పుడు పైన క్లచ్ కడ్డీ దగ్గర సందులోంచి గదిలోకి పోయినయి. కిందికి కారడానికి దారి నేనే మూసి పెట్టిన. ఆరు రోజులు ప్లేటు ఆ నీళ్ల ఆవిరిలోనే ఉంది. తుప్పు పట్టక ఏం చేస్తది? మేస్త్రి ఆ ప్లగ్గు తీయగానే ఎర్రటి నీళ్లు గ్లాసుడు పైన కారినయి. అది చూసినప్పుడు నాకు టీ కొట్టు దగ్గర నేనన్న మాట చెవుల్లో వినపడింది.

నీళ్లలోంచి బయటకి రాగానే ఆ ప్లగ్గు తీయండి. ఐదు నిమిషాల పని.

ఆయిల్ మార్చేటప్పుడు

ట్రాక్టర్‌కి డ్రెయిన్ బోల్టు ఒక్కటే ఉండదు. గేర్‌బాక్సు కింద, వెనక డిఫరెన్షియల్ కింద, కొన్నిటికి వెనక యాక్సిల్ గొట్టాల కింద కూడా ఉంటయి. అన్నీ విప్పాలి. ఒకటి వదిలినా అందులో మిగిలిన నీళ్లు కొత్తాయిల్‌లో కలుస్తయి. చాలా బండ్లలో గేర్‌బాక్సుకి, లిఫ్ట్‌కి ఒకటే ఆయిల్. మా లిఫ్ట్ జర్కులు కొట్టింది అందుకే. కాబట్టి హైడ్రాలిక్ ఫిల్టర్, జాలీ కూడా శుభ్రం చేయాలి, లేదా మార్చాలి.

బోల్టుకి అయస్కాంతం ఉంటే దాన్ని చూడండి. మెత్తటి బూడిద లాంటి పొడి ఉంటే మామూలు అరుగుదల. చేతికి గుచ్చుకునే ముక్కలుంటే లోపల ఏదో విరిగింది, ఆయిల్ పోసి లాభం లేదు, విప్పాలి.

డీజిల్ పోసి కడిగి నడపడం మనలో అలవాటు. డీజిల్‌కి ఆయిల్ జిగట ఉండదు, దానితో బండి నడిపితే గేర్లు ఇనుముకి ఇనుము రాసుకుంటయి. లోపల మిగిలింది కొత్తాయిల్‌ని కూడా పలచన చేస్తది. మేస్త్రి చేసింది ఇది: అదే రకం ఆయిల్ పోసి, బరువు లేకుండా ఇరవై నిమిషాలు అన్ని గేర్లలో మెల్లగా నడిపి, లిఫ్ట్ పదిసార్లు ఎత్తి దించి, వేడిమీదే తీసేశాడు. ఆ వచ్చింది ఇంకా తెల్లగా ఉంటే మళ్లీ ఒకసారి. శుభ్రంగా వచ్చాకే చివరి ఆయిల్. ఖర్చు ఎక్కువే, కాదనను. బేరింగుల ఖర్చు ముందు తక్కువ.

ఏ ఆయిల్ పడితే అది పోయొద్దు. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే బండ్లకి వేరే ఆయిల్ ఉంటది. పాత బండికి పోసే గేర్ ఆయిల్ అందులో పోస్తే బ్రేకులు పాడైతయి. బండితో ఇచ్చిన పుస్తకం చూసి, అందులో రాసిన రకమే తెచ్చుకోండి. కొట్టువాడి మాట మీద, పక్కింటోళ్ల బండి చూసి పోయొద్దు.

మార్చాక 50 గంటలకి మళ్లీ గేజు తీసి రంగు చూడండి. ముందు చక్రాల హబ్బులు, గ్రీజు పెట్టే ప్రతి చోటా పాత గ్రీజు, నీళ్లు బయటకొచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టండి.

ఇక రెండో సంగతి.

షెడ్డు నుంచి వచ్చిన రోజు సాయంత్రం మా డ్రైవర్ ఇంటికి పోయిన. వాకిట్లో మంచం వేసి కూర్చోమన్నాడు. వాళ్లావిడ నీళ్లిచ్చింది. నాకు మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియలే. ఆపిన 4,000 చేతిలో పెట్టి, "నువ్వు చెప్పినట్టు ఆ రోజే ఆయిల్ ఇప్పాల్సిందిరా. నీ తప్పు లేదు" అన్నా.

అతను డబ్బులు తీసుకొని ముందు అడిగింది, "ఏ బేరింగ్ పోయిందన్నా?" అని. చెప్పిన. "అనుకున్నా" అన్నాడు. ఇంకాసేపాగి, "జీతం ఆపినందుకు కాదన్నా. మా పిల్లగాడు ఆ రోజు టీ కొట్టు దగ్గరే ఉన్నాడు. మా నాన్నకి బండి నడపడం రాదా అని ఇంటికొచ్చి అడిగిండు" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అప్పటికే వరికోత మిషన్ మీద పని ఒప్పుకున్నాడు. మళ్లీ మా బండి ఎక్కలే. నేనూ బలవంతం చేయలే. 50 గంటల తర్వాత ఆయిల్ రంగు చూసేటప్పుడు మాత్రం పిలిస్తే వచ్చాడు. గేజు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, ఎండకి పట్టి చూసి "మంచిగుందన్నా" అన్నాడు. వాళ్ల పిల్లగాడు కూడా వెంట వచ్చాడు. వాడి ముందే చెప్పిన, ఈ బండికి నీళ్లు పోయిన సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది మీ నాన్నేనని. వాడు ఏమనలే, గేజు తీసుకొని తనూ చూశాడు.

ఇదీ సంగతి. మా ఊరోళ్లు ఈ పేజీ చూస్తరు. ఆ రోజు టీ కొట్టు దగ్గర ఉన్నోళ్లందరికీ చెప్తున్నా: అతని డ్రైవింగ్‌లో ఏ లోపం లేదు. లోపం నాది.

వానలు దగ్గర పడ్డయి. ఈ వారం ఒక్క గంట పెట్టి గేర్ రాడ్డు రబ్బరు, బ్రీదర్, ఆయిల్ గేజు మూత చూసుకోండి. దమ్ముకి ప్లగ్గు బిగించిన రోజు, తీయాల్సిన సంగతి తాళానికి ఒక దారం కట్టి గుర్తు పెట్టుకోండి. బండి నడిపే మనిషి ఏదన్నా చెప్తే వినండి. పొద్దస్తమానం దానిమీద కూర్చునేది అతను.

మీ బండ్లకి ఇట్లాంటిది జరిగి, వేరే విధంగా బాగు చేసుకుని ఉంటే కింద రాయండి. నలుగురికీ పనికొస్తది.

మీ తోటి రైతు.